రెజెక్స్ నత్తనడక నడుస్తోందా? కోడ్ గెలికే ముందు ఇన్‌పుట్ డబుల్ చేసి చూడండి

రెజెక్స్ అంటే టెక్స్ట్‌లో వెతకడానికి రాసే ప్యాటర్న్. "మ్యాచింగ్ స్లోగా ఉంది, రెజెక్స్ లైబ్రరీలో లోపలి లూప్ ఆప్టిమైజ్ చేద్దామా" అని అడిగినవాళ్లని నేను అడిగేది ఒక్కటే, ఇన్‌పుట్ డబుల్ చేసి టైమ్ చూశారా అని. చూసుండరు. ప్రొఫైలర్ (ఏ ఫంక్షన్ ఎంత టైమ్ తింటోందో చూపే టూల్) మాత్రం ఆల్రెడీ రన్ చేసుంటారు, అందులో క్యారెక్టర్ పోల్చే ఫంక్షన్ పైన కనిపిస్తుంది, ఇక దాన్ని ఇన్‌లైన్ చేయడం, బ్రాంచ్‌లు తగ్గించడం, వారం రోజులు దాంతోనే సరి.

1000 అక్షరాలు, 2000, 4000 పెట్టి చూడండి. టైమ్ కూడా డబులవుతూ పోతే అప్పుడు లైబ్రరీ సంగతి మాట్లాడదాం. నాలుగేసి రెట్లవుతుంటే తప్పు వేరే చోట ఉంది. ఇంకో మాట, మ్యాచ్ అయ్యే ఇన్‌పుట్‌తో టెస్ట్ చేసి "బానే ఉందే" అనకండి, చివర్లో ఫెయిలయ్యే ఇన్‌పుట్ ఇవ్వండి, అసలు రంగు అక్కడే బయటపడుతుంది.

లక్షణం: ఏ ఇన్‌పుట్ ఇచ్చినా ఒకేలా స్లో

ప్యాటర్న్‌ని లూప్ లోపల ప్రతిసారీ కంపైల్ చేస్తున్నారు, అంటే ఇంజన్‌కి అర్థమయ్యే రూపంలోకి మారుస్తున్నారు. బయటికి తీయండి. పైథాన్‌లో ఇది చాలాకాలం కనపడదు, ఎందుకంటే రెజెక్స్‌లకి వాడే రీ (re) మాడ్యూల్ 512 ప్యాటర్న్‌ల దాకా క్యాష్‌లో దాచుకుంటుంది. యూజర్ ఇచ్చిన పదాలతో ప్యాటర్న్‌లు కట్టడం మొదలెట్టాక క్యాష్ నిండిపోయి ప్రతిసారీ కొత్తగా కంపైల్ అవుతుంది, అప్పుడు తెలుస్తుంది.

లక్షణం: అన్నీ బానే ఉన్నాయి, ఒక్క ఫైల్ దగ్గర మాత్రం సీపీయూ 100కి పోయి కూర్చుంటోంది

+ అంటే ఒకటి లేదా అంతకంటే ఎక్కువ సార్లు. (అ+)+ లాంటి ప్లస్ మీద ప్లస్ ఉంటే అదే దొంగ, అందరికీ తెలిసిందే, తీసేయండి. నన్ను ముంచింది అది కాదు, చూస్తే పాపం అనిపించే ప్యాటర్న్. లైన్ చివరి స్పేసులు తీసేయడానికి రాసిన ముక్క. స్పేస్ కంటికి కనపడదు కాబట్టి ఇక్కడ దాని బదులు _ వాడుతున్నా, $ అంటే లైన్ చివర:

_+$

గూట్లో గూడు లేదు, ఆల్టర్నేషన్ (ఇదో అదో అనే | గుర్తు) లేదు, ఏమీ లేదు. లాగ్‌లు క్లీన్ చేసే ప్రోగ్రామ్‌లో నెలల తరబడి చప్పుడు లేకుండా నడిచింది. ఓ రోజు లైన్ మధ్యలో వేలకొద్దీ స్పేసులున్న ఫైల్ ఒకటొచ్చింది, అంతే.

ఏం జరుగుతోందో చిన్న సైజులో చూడండి, ఇన్‌పుట్ ____క అనుకుందాం. ఇంజన్ (ప్యాటర్న్‌ని టెక్స్ట్ మీద నడిపే భాగం) మొదటి స్పేస్ దగ్గర మొదలుపెట్టి నాలుగూ మింగుతుంది, తర్వాత $ ఉందా అని చూస్తుంది, లేదు, 'క' ఉంది. ఒకటి వెనక్కి కక్కి మళ్లీ చూస్తుంది, అలా నాలుగు చెక్‌లు. ఫెయిల్. ఇప్పుడు రెండో స్పేస్ నుంచి మళ్లీ మొదలు, మూడు చెక్‌లు, తర్వాత రెండు, ఒకటి. మొత్తం పది. నాలుగు స్పేసులకి పదంటే నవ్వొస్తుంది గానీ 20,000 స్పేసులకి లెక్కేస్తే 20 కోట్లు దాటుతుంది. 2016 జులై 20న స్టాక్ ఓవర్‌ఫ్లో 34 నిమిషాలు పడిపోయింది కూడా ఇలాంటి ట్రిమ్ ప్యాటర్న్ వల్లే, ఒక పోస్ట్‌లో లైన్ మధ్యలో సుమారు 20,000 స్పేసులున్నాయి.

నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే ముందు క్యారెక్టర్ క్లాస్ చెక్‌ని (ఈ అక్షరం కావలసిన గుంపులోదేనా అనే చెక్) 256 బిట్‌ల టేబుల్‌గా మార్చా, ఒక్కో స్టెప్పు చవకైంది, స్టెప్పులు మాత్రం అన్నే ఉన్నాయి. తర్వాత ఇది బ్యాక్‌ట్రాకింగే (వెనక్కి కక్కి మళ్లీ చూడడమే) కదా అని పొసెసివ్ పెట్టా, _++$ అని, అంటే మింగింది వెనక్కి కక్కొద్దని. చాలామంది ఇక్కడే ఆగిపోయి పనైందనుకుంటారు. అవ్వదు! వెనక్కి కక్కడం ఆగుతుంది నిజమే, కానీ రెండో స్పేస్ నుంచి మళ్లీ మొదలుపెట్టి మిగతావన్నీ మింగడం ఆగదుగా, మింగే ఖర్చే 4+3+2+1. అసలు గొడవ ఒక ప్రయత్నంలో వెనక్కి రావడం కాదు, ఒకే గుంపులో ప్రతి చోటి నుంచీ కొత్త ప్రయత్నం చేయడం.

రెజెక్స్ లేకుండా కుదిరితే చివరి నుంచి వెనక్కి నడిచే మామూలు ట్రిమ్ ఫంక్షన్ వాడండి, అంతకు మించింది లేదు. రెజెక్సే కావాలంటే (?<!_)_+$ అని రాయండి, వెనక స్పేస్ ఉంటే అక్కడ మొదలుపెట్టొద్దని అర్థం, దాంతో గుంపుకి ఒక్క ప్రయత్నమే.

రెజెక్స్ లైబ్రరీ రాసింది మీరే అయితే ఇంకో దారుంది, నాకు నచ్చిన బుల్లి ఆప్టిమైజేషన్ ఇదే. ప్యాటర్న్ మొదట్లోనే పైహద్దు లేని ఒకే క్లాస్ లూప్ ఉండి, అది 10వ స్థానం నుంచి 500 దాకా మింగి ఫెయిలైందనుకోండి, 11 నుంచి మొదలెట్టినా మిగతా ప్యాటర్న్‌ని చూసేది ఆల్రెడీ చూసిన చోట్లలోనే, కాబట్టి తర్వాతి ప్రయత్నం నేరుగా 500 నుంచి మొదలెట్టొచ్చు. నాలుగైదు లైన్ల కోడ్. ప్యాటర్న్‌లో బ్యాక్‌రిఫరెన్స్ (ముందు బ్రాకెట్లలో పట్టుకున్న ముక్కే మళ్లీ రావాలనడం) ఉంటే మాత్రం ఇది చేయకండి, క్యాప్చర్, అంటే ఆ పట్టుకున్న ముక్క, ఎక్కడ మొదలైందనే దాన్నిబట్టి జవాబు మారుతుంది.

లక్షణం: టైమ్ సరిగ్గా డబులే అవుతోంది, అయినా స్లో

సరే, ఇప్పుడు చేయండి మీ ఆప్టిమైజేషన్లు. ప్యాటర్న్ ఫలానా అక్షరంతోనే మొదలవ్వాలని తెలిస్తే ఇంజన్ లేపకుండా మెమ్‌సీహెచ్‌ఆర్‌తో (memchr, మెమరీలో ఒక బైట్‌ని వేగంగా వెతికే సీ ఫంక్షన్) ఆ అక్షరం దాకా దూకండి, అన్నిటికంటే ఎక్కువ లాభం అక్కడే. అక్షరాల కేస్ పట్టించుకోవద్దనే ఫ్లాగ్ ఊరికే పెట్టుంటే తీసేయండి, ఇలా దూకడానికి అది అడ్డం. అవసరం లేని క్యాప్చర్ గ్రూపులు (?:) చేయండి, అంటే ముక్కని గుర్తుపెట్టుకోని బ్రాకెట్లుగా.

ఇక స్టాక్ నిండి క్రాష్ అవడమా, పాత పీసీఆర్‌ఈ (PCRE, చాలాచోట్ల వాడే రెజెక్స్ లైబ్రరీ)తో వచ్చేది, దాని కొత్త రూపం పీసీఆర్‌ఈ2లో 10.30 నుంచి మ్యాచింగ్ స్టాక్ బదులు హీప్ అనే పెద్ద మెమరీ మీదికి మారింది, అప్‌గ్రేడ్ చేసుకోండి. ప్రతి కాల్‌కీ యూటీఎఫ్-8 చెక్ (టెక్స్ట్ ఎన్‌కోడింగ్ సరిగ్గా ఉందా అనే చెక్) జరగడం కూడా ఎప్పుడైనా తగలొచ్చు, ఇన్‌పుట్ ముందే ఒకసారి చెక్ చేసి ఉంటే దాన్ని ఆపే ఆప్షన్ ఉంటుంది.