ఇంట్లో హవాయి పార్టీ పెడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఎండాకాలం సెలవులొస్తే అమెరికాలో మనవాళ్ల పెరళ్లలోనూ హవాయి పార్టీల సందడే. పిలుపులు పంపే ముందే ఇవి సరిచూసుకోండి.

పెరట్లో వెలుగుకోసం పెట్టే టికీ దివిటీల నూనెను దాని డబ్బాలోనే ఉంచి, పిల్లలకు అందకుండా తాళం వేయండి. గ్లాసులో పోస్తే అచ్చం యాపిల్ జ్యూస్‌లా ఉంటుంది. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి వెళ్లినా ప్రాణం మీదికి వస్తుంది. తాగారని అనుమానం వస్తే వాంతి చేయించకండి, వెంటనే విష ప్రమాదాల సహాయ కేంద్రం (పాయిజన్ కంట్రోల్) 1-800-222-1222కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే 911.

లేయి దండలకు దేవగన్నేరు పూలే గుచ్చండి. పేరు దగ్గరగా ఉందని మామూలు గన్నేరు కోయకండి, అది విషం. దేవగన్నేరు తొడిమ నుంచి కారే పాలు కూడా చర్మానికి మంట పెడతాయి, అవి కారడం ఆగాకే సూది ఎక్కించండి.

గర్భిణికి చివరలు ముడివేయని దండ ఇవ్వండి. గుండ్రంగా మూసిన దండ బొడ్డుతాడు బిడ్డ మెడకు చుట్టుకోవడాన్ని గుర్తుచేస్తుందని హవాయివాళ్ల నమ్మకం. మనకూ ఇలాంటి పట్టింపులున్నాయి కదా, దీన్నీ గౌరవిద్దాం.

దండ వేసినవాళ్ల ఎదుటే దాన్ని తీసేయొద్దని పిల్లలకు ముందే చెప్పండి. అది అవమానం.

చేమాకును పూర్తిగా మెత్తబడేదాకా ఉడికించండి, పచ్చి మిగిలితే గొంతు దురద. హవాయి విందుకున్న ‘లూఅవ్’ అన్న పేరే ఈ ఆకు నుంచి వచ్చింది.

పచ్చి చేపతో చేసే పోకేను ఐసు మీదే పెట్టండి. ఎండ 32 డిగ్రీల సెల్సియస్ (90 ఫారెన్‌హీట్) దాటితే ఏ వంటకమూ గంటకు మించి బయట ఉండకూడదు.

జెలటిన్ జెల్లీలో తాజా అనాస వేస్తే గట్టిపడదు, డబ్బాలోది వేయండి.