చేతికి అందే పని ఒక్కటి పట్టుకోండి

2022 మే 24న మా కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడం మీద అమలాపురంలో గొడవలు జరిగాయి. ఆ తర్వాత రోజుల తరబడి మాకు నెట్ లేదు. మా ఊళ్లో ఒక వీధి వాళ్లు ఇంకో వీధి వాళ్ల మొహం చూడటం మానేశారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. నేను రెండెకరాలు కౌలుకు చేస్తాను. ఆ టెన్షన్‌లోంచి నన్ను బయటికి లాగింది మా చేల పక్కనున్న మురుగుకాలువ. రోజులు బాగోలేవని మీకూ బెంగగా ఉంటే, మేం చేసినట్టు చేసి చూడండి.

ముందు పని ఎంచుకోండి. మా కాలువ తూడుతో, గుర్రపుడెక్కతో పూడిపోయింది. సార్వాలో, అంటే వానాకాలం పంటప్పుడు, గట్టిగా నాలుగు వానలు పడితే నీరు లాగదు, నాట్లు కుళ్లిపోతాయి. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా క్రాప్ హాలిడే పాటించినప్పుడు చెప్పుకున్న బాధల్లో ఈ ముంపు కూడా ఉంది. కాలువకు అటూ ఇటూ రెండు వీధుల వాళ్ల చేలూ ఉన్నాయి. అందుకే నేను దాన్నే పట్టుకున్నాను.

తర్వాత మనిషి దగ్గరికి వెళ్లాలి. కష్టమంతా ఇక్కడే. అవతలి వీధిలో నేను బాబాయి అని పిలిచే పెద్దాయన ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చున్నాను. "బాబాయ్, మీ చేనూ మునుగుతోంది, నా చేనూ మునుగుతోంది. అర్జీ మీద ముందు మీరు సంతకం పెట్టండి, మీ కింద నేను పెడతాను" అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కళ్లజోడు తెమ్మని మనవడిని కేకేశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

అర్జీలో "కాలువ బాగోలేదు" అని రాస్తే సరిపోదు. ఏ వంతెన నుంచి ఏ తూము దాకా, ఎన్ని అడుగులు, ఎన్ని ఎకరాలు మునిగాయి, నీళ్లు ఎన్ని రోజులు నిలిచాయి, ఇవన్నీ రాయాలి. మేం తాడు పట్టుకుని కొలిచాం. ఫొటోలు ముంపు ఉన్నప్పుడే తీసి పెట్టుకోండి. పూడిక తీసేది వేసవిలో, కాలువలకు నీళ్లు ఆపేశాక. కాబట్టి సంక్రాంతి వెళ్లగానే అర్జీ ఇవ్వాలి. వానలు మొదలయ్యాక ఇస్తే ఆ ఏడాదికి ఇక లేనట్టే. పార్టీ పేరు, నాయకుడి ఫొటో ఏదీ పెట్టకండి. 2024లో ప్రభుత్వం మారింది, మా కాగితం మాత్రం ఒక్క అక్షరం మార్చకుండా పనికొచ్చింది.

రెండు కాపీలు తీసుకెళ్లి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. మా మొదటి అర్జీ ఒక ఆఫీసులో కనిపించకుండా పోయింది. ఇచ్చామనడానికి రుజువు లేక మళ్లీ మొదటికి వచ్చాం.

గ్రామసభకు తప్పకుండా వెళ్లండి. ఊళ్లో ఓటున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే, ఎవరూ పిలవక్కర్లేదు. ఆడవాళ్లం వెనక నిలబడకుండా ముందు వరసలో కూర్చున్నాం. తీర్మానం పుస్తకంలో రాయించి, చదివించుకుని, అప్పుడు సంతకం పెట్టండి. ఖాళీ పేజీ మీద ఎవరు అడిగినా పెట్టవద్దు.

జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. "ఎందుకు చేయలేదు" అని అడిగితే జవాబు రాదు. ఎస్టిమేట్ కాపీ, పని అప్పగించిన ఉత్తర్వు, ఎం బుక్కు (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు, ఇలా కాగితాల పేర్లు పెట్టి అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఇంకో 30 రోజుల్లోగా అదే శాఖలో పై అధికారికి అప్పీలు పెట్టుకోవచ్చు.

మా కాలువకు పూడిక తవ్వే ప్రొక్లెయిన్ యంత్రం వచ్చింది. వంతెన నుంచి సగం దాకా తీసి వెళ్లిపోయింది. తూము దగ్గర ఇంకా మూడు వందల అడుగులు మిగిలాయి. ఫైలు బాబాయి గారి బీరువాలో ఉంది. పండగ వెళ్లిన మర్నాడు తాడు పట్టుకుని రమ్మన్నారు.