సెంట్రిఫ్యూగల్ పంపుల స్వయంబోధిని – 5వ పాఠం: నూనె చిక్కదనం

గత పాఠంలో పంపు కర్వును, అంటే ప్రవాహం మారేకొద్దీ పంపు ద్రవాన్ని ఎంత ఎత్తుకు తోయగలదో (దీన్నే హెడ్ అంటాం) చూపే గీతను, చదవడం నేర్చుకున్నాం. తయారీదారు ఇచ్చే కర్వు మామూలుగా 20 డిగ్రీల నీటికి, అంటే దాదాపు 1 సెంటీస్టోక్ (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) స్నిగ్ధతకు గీసినదని అక్కడ ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగాను. ఈ పాఠమంతా ఆ వాక్యం గురించే.

చెన్నైలో, ముఖ్యంగా అంబత్తూరు పారిశ్రామికవాడలో పనిచేసే మన తెలుగు ఫిట్టర్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "నీళ్లకు బాగా నడిచిన పంపు నూనెకు పెట్టగానే ఆంపియర్లు ఎక్కువ లాగుతోంది, నూనె బరువు వల్లేనా అండీ?" బరువు వల్ల కాదు. ఆముదం నీటి మీద తేలుతుంది, అంటే నీటికంటే తేలికైనదే. అయినా గిన్నె వంచితే నీళ్లలా ఒక్కసారి పడక, తీగలా సాగుతూ జారుతుంది. ఆ జారుడును అడ్డుకునే గుణమే స్నిగ్ధత. దీన్ని సాంద్రతతో కలిపేస్తే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

ఇంపెల్లర్ (పంపులో తిరుగుతూ ద్రవాన్ని తోసే చక్రం) రెండు పక్కల పలకలూ కేసింగులో (పంపు బయటి గుల్లలో) నిండిన ద్రవాన్ని ఒరుసుకుంటూ నిమిషానికి 2900 సార్లు తిరుగుతున్నాయనుకోండి. నీటిలో ఆ ఒరిపిడికి పోయే శక్తి కొద్దిగానే ఉంటుంది. చిక్కని నూనెలో అది బాగా పెరిగి, ద్రవాన్ని ముందుకు తోయడానికి ఏమాత్రం ఉపయోగపడకుండా వేడిగా మారిపోతుంది. అందుకే ప్రవాహం, హెడ్ కొంత తగ్గితే, ఎఫిషియెన్సీ (ఇచ్చిన శక్తిలో పనికొచ్చే వంతు) మాత్రం వాటికంటే చాలా ఎక్కువగా పడిపోతుంది.

నీటితో గంటకు 50 ఘనపు మీటర్లు, 40 మీటర్ల హెడ్, 70 శాతం ఎఫిషియెన్సీ ఇచ్చే పంపుకు సుమారు 7.8 కిలోవాట్లు కావాలి. అదే పంపులో 100 సెంటీస్టోక్‌ల నూనె పోస్తే, పంపుల ప్రమాణాలు రూపొందించే హైడ్రాలిక్ ఇన్‌స్టిట్యూట్ పద్ధతి ప్రకారం ప్రవాహాన్నీ హెడ్‌నూ దాదాపు 0.92తో, ఎఫిషియెన్సీని దాదాపు 0.69తో గుణించాలి. అప్పుడు 46 ఘనపు మీటర్లు, 37 మీటర్లు, 48 శాతం మిగులుతాయి. నూనె సాపేక్ష సాంద్రత 0.88 అయితే శక్తి 8.4 కిలోవాట్లు అవుతుంది కనుక 9.3 కిలోవాట్ల మోటారు సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ మనకు కావలసిన 50, 40 రావడం లేదు! అవి రావాలంటే నీటి కర్వు మీద సుమారు 54 ఘనపు మీటర్లు, 43.5 మీటర్లు ఇచ్చే పంపును ఎంచుకోవాలి. అప్పుడు శక్తి 10 కిలోవాట్ల దగ్గరకు చేరుతుంది, 11 కిలోవాట్ల మోటారు తప్పనిసరి అవుతుంది. కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

డెలివరీ వాల్వు మూసి ప్రెషర్ గేజి చూసి పంపు బాగుందని తేల్చేయకండి. ప్రవాహం లేనప్పుడు వచ్చే హెడ్ నూనెతోనూ ఇంచుమించు అంతే ఉంటుంది కాబట్టి, ఈ నష్టం ఆ పరీక్షలో బయటపడదు.

ఇక డబ్బా మీద రాసిన వీజీ (స్నిగ్ధత గ్రేడు) 68లోని 68 అనే అంకె 40 డిగ్రీల దగ్గరి స్నిగ్ధత మాత్రమే. అదే నూనె 30 డిగ్రీల దగ్గర 100 సెంటీస్టోక్‌లు దాటుతుంది, 20 డిగ్రీల దగ్గర 150 కూడా దాటుతుంది. ధనుర్మాసపు తెల్లవారుజామున మొదటిసారి స్టార్టు చేసే పంపుకు లెక్కలో వేయవలసింది ఆ ఎక్కువ అంకెనే.

వచ్చే పాఠంలోపు ఒక పని చేయండి: మీ దగ్గరున్న నూనె పంపు వాల్వును కదపకుండా, ఉదయం స్టార్టు చేసిన వెంటనే ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నూనె ఉష్ణోగ్రతను, మోటారు ఆంపియర్లను పక్కపక్కన రాసి ఉంచండి. 6వ పాఠం ఆ అంకెలతోనే మొదలవుతుంది.