సన్నాలు తెచ్చినా ‘సన్నం కాదు’ అంటున్నారా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

తెలంగాణలో 2024 వానాకాలం వరకు కొనుగోలు కేంద్రంలో వడ్ల రకం గురించి ఎవరూ పెద్దగా తలకాయ నొప్పి పెట్టుకోలేదు. గ్రేడ్ ఏ, సాధారణ రకం మధ్య మద్దతు ధరలో తేడా చాలా తక్కువ. 2025-26లో చూసినా గ్రేడ్ ఏకి క్వింటాలుకు 2,389, సాధారణ రకానికి 2,369. తేడా ఇరవై రూపాయలే. సన్నాలకు, అంటే సన్న గింజ వడ్లకు, క్వింటాలుకు 500 రూపాయల బోనస్ మొదలయ్యాక లెక్క మారింది. తేమ మీటరు, తాలు జల్లెడల పక్కకు గింజను కొలిచే కాలిపర్ వచ్చి చేరింది. పొట్టు తీసిన గింజ పొడవు 6 మిల్లీమీటర్ల లోపు, వెడల్పు 2 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. పొడవును వెడల్పుతో భాగిస్తే 2.5 దాటాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా అది సన్నం కింద రాదు.

అన్నిటికంటే ముందు ఇది చూడండి

వడ్లు ట్రాక్టరుకు ఎత్తకముందే మీ రకం సన్నాల జాబితాలో ఉందో లేదో కేంద్రంలో చూసుకోండి. అయిదు నిమిషాల పని. దీన్ని వదిలేసి, కాటా దగ్గర నిలబడి గొడవపడేవాళ్లే ఎక్కువ.

ఇక్కడ పేరు చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. ఎంటీయూ-1010 అసలు పేరు ‘కాటన్ దొర సన్నాలు’. పేరులో సన్నాలు ఉన్నాయి, గింజ చూడ్డానికి నాజూగ్గా ఉంటుంది, కేంద్ర ప్రమాణాల ప్రకారం గ్రేడ్ ఏలోకి కూడా వస్తుంది. అయినా బోనస్ లెక్కలో అది దొడ్డు రకమే, ఎందుకంటే గింజ పొడుగు. గ్రేడ్ ఏ తేల్చేది పొడవు, వెడల్పుల నిష్పత్తి ఒక్కటే. అది 2.5 ఉంటే చాలు, గింజ ఎంత పొడుగైనా అభ్యంతరం లేదు. సన్నానికి నిష్పత్తితో పాటు పొడవు మీద కూడా హద్దు ఉంది. ఈ రెండూ వేరువేరు జల్లెడలు. ‘గ్రేడ్ ఏ రాశారు కదా, బోనస్ ఎందుకు రాదు’ అన్న ప్రశ్నకు జవాబు ఇదే.

రెండోది పంట నమోదు. మీరు వేసింది బీపీటీ-5204 (సాంబ మసూరి అనే సన్న రకం) అయి, నమోదులో దొడ్డు రకం అని పడి ఉంటే గింజ ఎంత బాగున్నా అక్కడ ఆగిపోతుంది. పంట చేలో ఉండగానే ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గరకు వెళ్లి సరిచేయించుకోండి. కోత అయ్యాక ఏ రకం వేశారో చూపించడానికి చేలో ఏమీ మిగలదు.

సమస్య: రకం జాబితాలో ఉంది, నమోదు సరిగ్గానే ఉంది, అయినా కాలిపర్‌లో పోయింది

ముందుగా పొట్టు తీసి కొలిచారా అని అడగండి. పొట్టుతో కొలిస్తే బీపీటీ గింజ కూడా 6 దాటేస్తుంది. నిండుగా ఉన్న, విరగని గింజలనే కొలవాలి. నూకను కొలిస్తే పొడవు తగ్గి నిష్పత్తి పడిపోతుంది.

కొలత సరిగ్గానే జరిగి కూడా పోయిందంటే చాలాసార్లు కారణం కల్తీ. ఎవరో కావాలని కలిపింది కాదు. మీ చేలోనో, కోత మిషన్‌లోనో, కళ్లంలోనో దొడ్డు గింజ మీకు తెలియకుండానే వచ్చి కలిసింది. యాసంగిలో 1010, వానాకాలంలో సన్నాలు వేసే పొలాల్లో ఇది పదే పదే కనిపిస్తుంది. పొట్టు మీద ఉన్నప్పుడు రాశిలో తేడా కంటికి ఆనదు. పొట్టు తీసిన పది గింజల్లో రెండు పొడుగువి పడితే మాత్రం మొత్తం కుప్పకే పేరు పోతుంది.

ఇది కేంద్రానికి పోకముందే ఇంట్లో తేల్చుకోవచ్చు. కుప్పలో పైన, మధ్యలో, అడుగున కలిపి అయిదారు చోట్ల నుంచి గుప్పెడు గుప్పెడు తీయండి. బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేయండి. మిగిలినదాన్ని మళ్లీ అలాగే చేయండి. చివరికి మిగిలిన దాంట్లో వంద గింజలు లెక్కపెట్టి చేత్తో పొట్టు తీసి నల్లటి బట్ట మీద పరచండి. పొడుగు గింజలు అక్కడ వాటంతటవే కనిపిస్తాయి. అనుమానం ఉన్న గింజలు పది ఏరి, స్కేలు పక్కన మొనకు మొన తగిలేలా వరుసగా పేర్చండి. పది కలిపి 6 సెంటీమీటర్లు దాటితే అవి సన్నం కావు. వెడల్పుకైతే పక్కపక్కన పేర్చండి, పది కలిపి 2 సెంటీమీటర్ల లోపే ఉండాలి. వందలో పొడుగు గింజలు రెండో మూడో ఉంటే నిశ్చింతగా వెళ్లండి. పది దాటితే కుప్పను అలాగే తీసుకెళ్లకండి.

అప్పుడు చాలామంది చేసే తప్పు, ‘అంతా కలిపేస్తే పలుచబడుతుంది’ అని కుప్ప తిరగేయడం. దీంతో పది బస్తాల రోగం వంద బస్తాలకు అంటుకుంటుంది. కల్తీ సాధారణంగా కుప్పంతా సమానంగా ఉండదు. మిషన్ దించిన మొదటి ట్యాంకులోనో, ఒక మడి వడ్లలోనో ముద్దగా ఉంటుంది. అందుకే మడి వారీగా, ట్రాలీ వారీగా విడిగా పోసి, ఒక్కోదాన్నీ పైన చెప్పినట్టు చూడండి. చెడింది పక్కన పెట్టి గ్రేడ్ ఏ కింద అమ్మండి, మిగతాది సన్నం కింద పోతుంది. ఒకసారి కలిశాక తూర్పారబట్టినా, జల్లించినా పూర్తిగా విడదీయడం కష్టం.

ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తేనే వచ్చే పంటకు ఆపగలం. దానికి చేలోనే గుర్తులుంటాయి. ఈనిక (కంకి వేసే) సమయంలో గట్టు మీద నుంచి కాకుండా మడిలోకి దిగి చూడండి. వరుస నాట్లలో కేళీలు (కలిసిన వేరే రకం మొక్కలు) సాళ్లలోనే ఉంటే తప్పు విత్తనానిది, నారుమడిలోనే కలిసి వచ్చింది. సాళ్ల మధ్యన, వరుస తప్పి మొలిచి ఉంటే పోయిన యాసంగిలో రాలిన గింజ. ఈనే సమయం కూడా చెబుతుంది. 1010 దాదాపు 120 రోజుల పంట, బీపీటీ-5204 దాదాపు 150 రోజులది. విత్తనంలో కలిసిన 1010 దాదాపు నెల ముందే కంకి వేసి దూరానికే కనిపిస్తుంది. రాలి మొలిచింది మాత్రం నారు కంటే మూడు నాలుగు వారాలు వెనక మొలుస్తుంది కాబట్టి ఇంచుమించు బీపీటీతో పాటే ఈని కలిసిపోతుంది. ఆర్‌ఎన్‌ఆర్-15048 (తెలంగాణ సోనా అనే సన్న రకం) వేస్తే ఇంకా కష్టం. అది కూడా 125 రోజుల రకమే, విత్తనంలో కలిసిన 1010కీ దానికీ ఈనికలో తేడా పెద్దగా ఉండదు. అక్కడ మొక్కను నమ్మకండి, పాలు గట్టిపడ్డాక కంకి నుంచి గింజ తెంపి పొట్టు ఒలిచి చూడండి. కేళీ అని తేలితే కంకి కోసి వదిలేయడం కాదు, దుబ్బును వేళ్లతో పీకి మడి బయట పడేయాలి. కంకి ఒక్కటే కోస్తే పక్క పిలకలు ఈనుతాయి.

రాలిన గింజకు మందు దున్నకంలోనే ఉంది. యాసంగి కోత అయ్యాక ఒక తడి ఇచ్చి, నీళ్లు లేకపోతే తొలకరి పడ్డాక, రాలిన గింజ మొలవనివ్వండి. పది పదిహేను రోజులకు దున్నేయండి. వీలైతే ఇంకోసారి మొలిపించి మళ్లీ దున్నండి. ఆ తర్వాతే దమ్ము. 1010 కోసిన మడిలో సన్నాలను వెదజల్లే పద్ధతిలో వేయకండి. అందులో ఏది విత్తిందో, ఏది రాలి మొలిచిందో గుర్తుపట్టే దారే లేదు.

ఇక కోత మిషన్. పక్క ఊళ్లో దొడ్డు కోసి నేరుగా మీ మడిలో దిగితే ట్యాంకు అడుగున, ఎలివేటరులో, ధాన్యం దించే గొట్టంలో వడ్లు మిగిలే ఉంటాయి. అడుగు మూతలు తెరిపించి, కొన్ని నిమిషాలు ఖాళీగా తిప్పించి, గొట్టం దులిపించండి. గంట కిరాయి పోతుందని డ్రైవరు తొందరపెడితే, మొదట దించిన వడ్లను విడిగా పోయించండి. ట్రాలీ మూలలు, పట్టా మడతలు, వాడేసిన గోనెలు కూడా విదిలించండి. దొడ్డు ఆరబోసిన చోటే సన్నం పోస్తే ముందు ఊడ్చి పోయండి.

సమస్య: తేమ ఎక్కువని ఆపారు

హద్దు 17 శాతం. ఇంట్లో 16 చూపి కేంద్రంలో 18 చూపిందంటే చాలాసార్లు మీటరు తప్పు కాదు, గింజను తీసిన చోటు తప్పు. పైపొర ఆరి ఉంటుంది, అడుగు నెమ్ముగా ఉంటుంది. ఎండలో కాగిన గింజకు మీటరు నికరంగా చూపదు, నీడలో చల్లారాక చూడండి. మీటరు వరికి పెట్టి ఉందో లేదో కూడా చూసుకోండి. పలుచగా పరిచి, గంటకోసారి కాలితో సాళ్లు తీస్తూ తిరగేయాలి. వేడి మీద కుప్ప చేసి పట్టా కప్పితే లోపల చెమటపట్టి తేమ మళ్లీ పెరుగుతుంది. పొద్దున మంచు ఆరాకే పట్టా తీయండి.

సమస్య: తాలు, చెత్త

పక్వం కాని, ముడుచుకున్న గింజకు 3 శాతం, మట్టి రాయికి 1, గడ్డి చెత్తకు 1. మిషన్ బ్లోయర్ గాలి సరిచేయించుకుంటే సగం అక్కడే పోతుంది. మిగిలింది కేంద్రంలోని క్లీనర్‌తో ఒక్క దఫా పట్టించండి.

అరుదైనవి

రంగు మారిన, మొలకెత్తిన, పురుగు పట్టిన గింజలకు కలిపి 5 శాతం హద్దు. కోత సమయంలో వాన తగిలితేనో, పాత వడ్లు తెస్తేనో తప్ప ఇది అడ్డురాదు. ఉమ్మెత్త గింజల నిబంధన ఉంది గానీ వరిలో దాని గురించి బెంగ అక్కర్లేదు.