వాన, వార్త, సంకల్పం: తిరుపతిలో డైరీ రాసుకునే పద్ధతి

డైరీ రాయాలనుకునేవారిలో చాలామంది జనవరి 1న కొత్త పుస్తకం తెరిచి, మనసులో ఉన్నదంతా మొదటి నాలుగైదు పేజీల్లో పోసేసి, సంక్రాంతి వెళ్ళేసరికి రాయడానికి ఏమీ లేదని మానేస్తారు. మనసులోని మాట రోజూ కొత్తగా పుట్టదు, ఆకాశం మాత్రం రోజూ మారుతుంది. అందువల్ల ముందు వాతావరణం, తరువాత ఒక వార్త, చివర ఆ రోజు చేయాలనుకున్న పని ఏమైందన్న సంగతి, ఈ వరుసలో రాసుకోవడం అలవాటు చేసుకుంటే పేజీ దానంతట అదే నిండుతుంది. పైగా ఈ మూడూ ఒకే పేజీలో ఉన్నప్పుడు ఒకదాన్ని మరొకటి సరిచూస్తుంది. నా దృష్టిలో డైరీకి ఉన్న అసలు విలువ అదే.

వాతావరణం గురించి "ఎండ ఎక్కువగా ఉంది", "వాన పడింది" అని రాస్తే ఏడాది తరువాత ఆ మాటలు ఎందుకూ కొరగావు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత అన్నవి ఉండాలి. వాన కొలవడానికి అడుగు నుంచి అంచు దాకా ఒకే వెడల్పు ఉన్న డబ్బా ఒకటి చాలు. దాన్ని మిద్దె మీద, పిట్టగోడకూ నీళ్ళ ట్యాంకుకూ దూరంగా, గాలికి పడిపోకుండా ఇటుకల మధ్య నిలబెట్టి, ఉదయం 8.30కి లోపలి నీటి ఎత్తును మిల్లీమీటర్లలో చూడాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చాలా స్కేళ్ళలో సున్నా గీత అంచు మీద ఉండదు, కాస్త లోపలికి ఉంటుంది. స్కేలును అలాగే నీళ్ళలో ముంచితే వాన ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది కాబట్టి ఆ తేడాను కలుపుకోవాలి. వాతావరణ శాఖ కూడా ఉదయం 8.30 వరకు గడిచిన 24 గంటల వాననే ఒక రోజు వానగా లెక్కిస్తుంది, అందువల్ల మీ అంకెను పత్రికలో వచ్చే అంకె పక్కన పెట్టి చూడవచ్చు. ఆ శాఖ లెక్కలో 64.5 మిల్లీమీటర్లు మొదలు భారీ వర్షం, 115.6 మొదలు అతి భారీ వర్షం. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. 100 చదరపు మీటర్ల మిద్దె మీద 20 మిల్లీమీటర్లు కురిస్తే రెండు వేల లీటర్లు కాలువలో కలిసిపోయాయని తెలిసినప్పుడు, ఇంకుడు గుంత తవ్వించాలన్న ఆలోచన తప్పకుండా వస్తుంది.

అంకెతో పాటు కంటికి కనిపించినదాన్ని ఒక్క వాక్యంలో రాయండి. శేషాచలం కొండ స్పష్టంగా కనిపించిందా, మబ్బు ఎంతవరకు దిగింది, కపిలతీర్థంలో ధార ఎంత ఉధృతంగా ఉంది అన్నవి చాలు. ఊళ్ళో చినుకు పడకపోయినా కొండ మీద కురిసిన వాన ఆ ధారలో తెలిసిపోతుంది. తేదీ పక్కనే కార్తె కూడా రాసుకోవడం మంచిది. కార్తెలు సూర్యుడున్న నక్షత్రాన్ని బట్టి వస్తాయి కనుక ఏటా దాదాపు అవే ఇంగ్లీషు తేదీలకు పడతాయి. రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయన్న మాట ఈ సంవత్సరం మన వీధిలో ఎంతవరకు నిజమైందో, నిరుటి పేజీతో పోల్చి చెప్పగలుగుతారు.

వార్త రోజుకు ఒక్కటే, అదీ మీ వీధికో పొలానికో ఉద్యోగానికో సంబంధించినదే రాయండి. ఎవరు చెప్పారు, ఏం చెప్పారు, ఎప్పటిలోగా అన్నారు అన్న మూడూ రాసి, పక్కన కొంత ఖాళీ వదలండి. తోతాపురికి ప్రకటించిన ధర జూన్‌లో రాసుకున్న మామిడి రైతు, చేతికి అందిన ధరను తరువాత ఆ ఖాళీలోనే రాసుకోవచ్చు. విన్న మాటను పెన్సిల్‌తో, రూఢి అయినదాన్ని పెన్నుతో రాయడం మరీ మంచి అలవాటు. 2021 నవంబరు వరదల్లో రాయలచెరువు కట్ట ప్రమాదంలో పడి దిగువ ఊళ్ళవారిని ఖాళీ చేయించిన రోజులను ఈ ప్రాంతం వాళ్ళు మరచిపోలేరు. అలాంటి సమయంలో ఫోనులోకి వచ్చిపడే ప్రతి మాటా నిజంలాగే తోస్తుంది. పెన్సిల్ పట్టుకున్న చేయి, ఆ మాటను పదిమందికి పంపే ముందు ఒక్క క్షణం ఆగుతుంది.

సంకల్పాల దగ్గరే ఎక్కువ శ్రద్ధ కావాలి. "ఆరోగ్యం చూసుకోవాలి" అన్నది కోరిక మాత్రమే, దాన్ని సాయంత్రం అయిందో లేదో తేల్చలేం. "ఆదివారం తెల్లవారుజామున అలిపిరి నుంచి గాలిగోపురం దాకా ఎక్కుతాను" అని రాస్తే తేల్చగలం. మొత్తం 3,550 మెట్లనూ మొదటి వారమే లక్ష్యంగా పెట్టుకోవద్దు, గాలిగోపురం దాకా ఆయాసం లేకుండా వెళ్ళగలిగాక మిగతా దారి గురించి ఆలోచించండి. నడకదారి వేళలు మారుతుంటాయి కాబట్టి దేవస్థానం ప్రకటన చూసుకొని బయలుదేరండి. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే ఊళ్ళో, నవంబరు అల్పపీడనాలకు రోజుల తరబడి ముసురు పట్టే ఊళ్ళో, ఏడాది పొడవునా ఒకే నియమం నిలబడదు. వేసవికి ఒకటి, ముసురుకు ఒకటి, మిగతా కాలానికి ఒకటి ముందే రాసిపెట్టుకోండి. ముసురు రోజుల్లో వరండాలో అరగంట యోగాసనాలు వేసినా నియమం తప్పినట్టు కాదు.

పని జరగని రోజు కారణాన్ని ఒక్క మాటలో రాయండి: వాన, జ్వరం, చుట్టాలు, బద్ధకం. నెలాఖరున ఆ మాటలను పైన ఉన్న వాన అంకెలతో కలిపి చదవండి. నడక మానడానికి కారణం వాన అని రాసిన రోజున డబ్బాలో రెండు మిల్లీమీటర్లే ఉంటే, వచ్చే నెల ఏం మార్చుకోవాలో ఎవరూ చెప్పనక్కరలేదు. నిజంగానే 70 మిల్లీమీటర్లు కురిసిన రోజు కోసం మాత్రం మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు.

కొత్త పుస్తకం తెరవడానికి జనవరి దాకా ఆగనవసరం లేదు. స్వాతి కార్తె వచ్చే అక్టోబరు చివరి వారంలో, ఈశాన్య రుతుపవనాలతో పాటే మొదలుపెట్టండి. డబ్బాను మాత్రం అంతకు ముందు రోజే మిద్దె మీద పెట్టండి.