థాంక్స్‌గివింగ్ విందు బల్ల: వాలిన పూలు, కారిన గుమ్మడికాయ, చుట్టుకుపోయిన ఆకులు

అమెరికాలో థాంక్స్‌గివింగ్ నవంబరు నాలుగో గురువారం వస్తుంది. 1941లో చేసిన చట్టంతో ఆ తేదీ స్థిరపడింది. ఆ రోజు పూల దుకాణాలూ, చేతిపనుల సామగ్రి అమ్మే దుకాణాలూ చాలావరకు మూసే ఉంటాయి కాబట్టి, ఇంట్లో చేసుకున్న అలంకరణలో లోపం ఏదైనా ఉంటే అది బుధవారం సాయంత్రంలోపే కంటపడాలి. గురువారం మధ్యాహ్నం అతిథులు వచ్చే వేళకు కంటపడితే ఇంట్లో ఉన్నదానితోనే సరిపెట్టుకోవాల్సి వస్తుంది. ఇక్కడి తెలుగు ఇళ్లలో ఈ విందుకు బల్ల సర్దడంలో ఏళ్ల తరబడి చేయి వేస్తున్నాను. ఏటా అడిగే ప్రశ్నలు దాదాపు అవే కనుక, వాటిని లక్షణం నుంచి కారణానికి, కారణం నుంచి పరిష్కారానికి వరుసగా రాస్తున్నాను.

బుధవారం రాత్రి నిగనిగలాడిన పూలు గురువారం మధ్యాహ్నానికి వాలిపోయాయి

మొదట చేయవలసిన పని ఒక్కటే: పూలు గుచ్చిన గిన్నెలో వేలు పెట్టి నీటి మట్టం చూడాలి. పూలు పాతవని, దుకాణం మోసం చేసిందని అనుకునే ముందు ఈ పని చేసేవారు చాలా తక్కువ. నవంబరులో ఇళ్లలో రాత్రంతా హీటర్ నడుస్తుంది, గాలి పొడిబారుతుంది, నిండుగా గుచ్చిన పూలు తెల్లవారేసరికి గిన్నెడు నీళ్లు తాగేస్తాయి. నీళ్లు తగ్గి ఉంటే పోయాలి. తెచ్చిన పూలను కాడలు ఏటవాలుగా కోసి, బకెట్టు నీళ్లలో కొన్ని గంటలు నిలబెట్టకుండానే అలంకరణలో గుచ్చి ఉంటే, వాటిని తీసి ఆ పని ఇప్పుడైనా చేయాలి.

నీళ్లున్నా పూలు వాలిపోతుంటే, నన్ను అన్నిటికన్నా ఎక్కువగా వేధించిన కారణం దగ్గరకు వచ్చినట్టే. కాడలు గుచ్చడానికి గిన్నెలో పెట్టే, నీరు పీల్చే ఇటుక ఆకారపు పూల ఫోమ్ పైభాగం వేలికి తడిగా తగులుతుంది, గిన్నె అడుగున నీరు కనిపిస్తూనే ఉంటుంది, అయినా చామంతుల మెడలు వంగిపోతాయి, గులాబీ మొగ్గలు విచ్చుకోకుండానే తల వేలాడేస్తాయి. ఇలాంటప్పుడు ఒక కాడను మెల్లగా బయటికి లాగి దాని కొన చూడాలి. కొన తడిగా ఉండక, దానికి ఆకుపచ్చటి పొడి అంటుకుని వస్తే, ఫోమ్ నడిమి భాగం ఎండుగా ఉన్నట్టే లెక్క. నమ్మకం కుదరకపోతే ఇటుకను కత్తితో అడ్డంగా కోయండి: అంచుల చుట్టూ ముదురాకుపచ్చ, మధ్యలో గుప్పెడంత మేర లేతాకుపచ్చ. ఆ లేత రంగు ఉన్నచోట చుక్క నీరు ఉండదు.

ఇది నీళ్లు తక్కువ కావడం వల్ల వచ్చినది కాదు, నానబెట్టిన తీరు వల్ల వచ్చినది. పూల ఫోమ్ నిండా కంటికి ఆనని సన్నటి గదులు ఉంటాయి, వాటిలో గాలి నిండి ఉంటుంది. ఇటుకను నీటిపై ఊరికే వదిలితే నీరు కిందినుంచి పైకి ఎక్కుతూ, గాలిని తనకన్నా ముందు పైకి తోసుకుంటూ పోతుంది. ఇటుక తన బరువుకు తానే మెల్లగా మునుగుతుంది. అలా కాక, తొందరకొద్దీ అరచేత్తో నొక్కి ముంచితే, లేదా కుళాయి కింద పట్టి పైనుంచి నీళ్లు పోస్తే, నీరు అన్ని వైపులనుంచీ ఒకేసారి చొరబడి, బయటికి పోయే దారి లేని గాలిని నట్టనడుమ బంధించేస్తుంది. ఆ గాలి తర్వాత ఎంతసేపు నానబెట్టినా సులువుగా బయటికి రాదు. కాడలన్నీ గుచ్చేది సరిగ్గా ఆ నడిమి భాగంలోకే కనుక, పైకి తడిగా కనిపించే ఫోమ్‌లోనే పూలు దాహంతో వాలిపోతాయి.

కాబట్టి ఇటుకకన్నా లోతైన తొట్టిలోనో బకెట్టులోనో నీళ్లు నింపి, పూలు తాజాగా ఉండేందుకు వేసే పొడి కలిపేటట్టయితే ముందే ఆ నీటిలో కలిపి, ఇటుకను పైన వదిలి చేయి తీసేయాలి. సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో అది పైఅంచు నీటి మట్టానికి వచ్చేవరకు దిగి, రంగు అంతటా ముదురుగా మారుతుంది. ఎత్తి చూడడం రెండో పరీక్ష. దుకాణంలో దొరికే మామూలు ఇటుక ఎండుగా ఉన్నప్పుడు బరువే తెలియదు, పూర్తిగా నానినప్పుడు కిలోన్నరకు పైగా తూగుతుంది. చేతికి తేలికగా తోస్తే అది నానలేదు, అంతే. ఇలా చూసుకోవడానికి పట్టే సమయం ఎంతో లేదు, అయినా దీన్ని దాటవేసి నలభై పూలు గుచ్చాక బాధపడేవారిని చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇదే కుటుంబానికి చెందిన తప్పులు మరో మూడు ఉన్నాయి. గుచ్చిన కాడను కాస్త పైకి లాగి ఎత్తు సరిచేస్తే కొన కింద ఖాళీ ఏర్పడి, ఆ పువ్వు ఒక్కటే వాలిపోతుంది. ఎత్తు మార్చాలంటే పూర్తిగా తీసి, కొత్త చోట ఒక్కసారే అంగుళం, అంగుళంన్నర లోతు దిగేలా గుచ్చాలి. నిరుడు వాడి ఎండిపోయిన ఇటుక మళ్లీ సరిగ్గా నీరు పీల్చుకోదు, దాన్ని దాచుకోవడంలో పొదుపు లేదు. గుడ్డపూల కోసం అమ్మే బూడిదరంగు, గోధుమరంగు ఫోమ్ అసలు నీరు పీల్చేది కాదు, పొట్లం మీద ఏమి రాసి ఉందో చదివి కొనాలి.

గురువారం ఉదయం నడిమి భాగం ఎండుగా దొరికితే ఆ ఇటుకను బాగుచేయడానికి కూర్చోవద్దు. పూలన్నీ తీసి, కాడల కొనలు అరంగుళం కోసి, గంటసేపు లోతైన నీళ్లలో నిలబెట్టండి. ఈలోగా పచ్చడి సీసాలో, జామ్ సీసాలో మూడు నాలుగు కడిగి, మూతి మీద సెల్లోటేపును నిలువుగా, అడ్డంగా గళ్లలా అతికించండి. ఒక్కో గడిలో రెండేసి కాడలు నిలబెడితే పూలు పక్కకు ఒరగవు, నీరు నేరుగా అందుతుంది. నన్నడిగితే మొదటినుంచీ ఇదే మంచి పద్ధతి: ఫోమ్ ఒక రకం ప్లాస్టిక్, మట్టిలో కలవదు, దాని పొడి సింకులో పోయకూడదు, కళ్లలో పడనివ్వకూడదు.

నీళ్లు, ఫోమ్ రెండూ సరిగా ఉన్నా కార్నేషన్లు మాత్రమే ముడుచుకున్నాయి

పక్కన ఆపిల్, పియర్ పళ్లు ఉన్నాయేమో చూడండి. పంటల పండుగ కనుక కొమ్ము ఆకారపు బుట్టలోంచి పళ్లు ఒలికినట్టు సర్దడం ఈ విందుకు పాత ఆనవాయితీ. అయితే పండిన ఆపిల్ విడిచే ఇథిలీన్ వాయువుకు కార్నేషన్లు త్వరగా లొంగిపోతాయి, రేకులు లోపలికి ముడుచుకుంటాయి. చామంతులు దీన్ని చాలావరకు తట్టుకుంటాయి. పళ్లు ఉంచాలనుకుంటే చామంతులు పెట్టండి, కార్నేషన్లే కావాలంటే పళ్లకు బదులు చిన్న గుమ్మడికాయలు, అక్రోట్లు సర్దండి.

గుమ్మడికాయ కింద టేబుల్‌క్లాత్ తడిసింది

కాయను తొలిచి పూలకుండీగా వాడినప్పుడు ఇది తప్పక జరుగుతుంది. కోసిన గుమ్మడి గోడ లోపలినుంచి చెమరుస్తూ, రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది. వారాంతంలో తొలిచిన కాయ గురువారానికి అడుగు జారిపోయే స్థితికి వస్తుంది. బుధవారమే కోయండి, గింజలూ పీచూ పూర్తిగా గీకి తీయండి, నీళ్లు కాయలో కాక లోపల పెట్టిన డబ్బాలో పోయండి, అడుగున చిన్న పళ్లెం ఉంచండి. కోయని కాయకు ఈ బెడద లేదు, కాకపోతే కొనేటప్పుడు తొడిమ చుట్టూ, అడుగున బొటనవేలితో నొక్కి మెత్తదనం లేదని చూసుకోవాలి.

తెలుగు ఇళ్లలో దీనికి తోడు ఇంకొకటి ఉంది. పెడన నుంచి తెచ్చుకున్న కలంకారీ గుడ్డను రన్నరుగా, అంటే బల్ల నడుమ పొడవునా పట్టీలా, పరిచి, దాని మీదే గుమ్మడికాయ పెడతారు. బల్ల మీద ఆ ఎరుపు ఎంతో అందంగా ఉంటుంది, కానీ రంగు నిలకడగా లేని గుడ్డ అయితే ఆ తడికి కిందనున్న తెల్ల గుడ్డకు ఎరుపు దిగుతుంది. పరిచేముందు ఒక మూలను తడిపి తెల్ల చేతిరుమాలుతో రుద్ది చూడండి. రుమాలుకు రంగు అంటితే ఆ గుడ్డను కుర్చీల వీపుకు కట్టడానికో, గోడకు వేలాడదీయడానికో వాడుకోండి.

పేర్లు రాసిన మేపుల్ ఆకులు చుట్టుకుపోయాయి

ఎవరి చోటు ఏదో తెలియడానికి రాలిన ఆకును తెచ్చి నేరుగా అతిథి పేరు రాసి పళ్లెంలో పెడితే పొడి గాలికి కొన్ని గంటల్లోనే అంచులు మడతపడతాయి. వారం ముందే తెచ్చి బరువైన పుస్తకాల మధ్య కాగితాలు పెట్టి అణచాలి. అంత వ్యవధి లేకపోతే ఒక వంతు గ్లిజరిన్‌కు రెండు వంతుల నీళ్లు కలిపి, లోతు తక్కువ పళ్లెంలో ఆకులు మునిగేలా మూడు నాలుగు రోజులు ఉంచండి. రంగు కాస్త ముదురుతుంది, ఆకు మాత్రం తోలులా మెత్తగా నిలుస్తుంది. తుడిచి, పూర్తిగా ఆరాకే రాయాలి, లేకపోతే పెయింట్ పెన్ను పట్టదు.

పైన్ కాయలు కడిగాక ముడుచుకుపోయాయని అడుగుతుంటారు. తడికి మూసుకోవడం, ఆరితే విచ్చుకోవడం వాటి స్వభావం. రేకు పరచిన ట్రేలో 200 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర అరగంటకు పైగా, ఓవెన్ దగ్గరే ఉండి చూసుకుంటూ, ఆరబెడితే తిరిగి తెరుచుకుంటాయి, లోపలి పురుగులూ పోతాయి.

పళ్లాలు సర్దాక వంటకాలకు చోటు లేదు

బల్ల వెడల్పు కొలవకుండా మధ్య అలంకరణ చేసినందువల్ల వచ్చే ఇబ్బంది ఇది. 36 అంగుళాల బల్ల మీద ఎదురెదురుగా 11 అంగుళాల పళ్లాలు రెండు, అంచున అటూ ఇటూ అంగుళం వదిలితే మధ్యలో మిగిలేది 12 అంగుళాలే. అందులో పూలు పెడితే టర్కీ కోడి పళ్లెం పట్టదు. టర్కీని, కూరల గిన్నెలను పక్క బల్లకు మార్చండి, లేదా పూలను సన్నని వరుసగా పెట్టండి. ఒక్కో మనిషికి 24 అంగుళాల వెడల్పు ఇవ్వాలి, ఆరడుగుల బల్లకు ఒక పక్క ముగ్గురే. నాలుగో కుర్చీ ఇరికిస్తే ఎడమవైపు ఫోర్కు, కుడివైపు కత్తి, స్పూను, కత్తి పైన గ్లాసు అనే వరుసంతా పక్కవారిదానితో కలిసిపోతుంది. ఎత్తు విషయంలో మోచేయి బల్లకు ఆనించి పిడికిలి పైకెత్తండి, పూలు అంతకు మించితే ఎదుటివారి ముఖం కనిపించదు.

మిగిలినవాటికి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కొవ్వొత్తి వాసన వంటల వాసనను మింగేస్తుంటే వాసన లేనిది వెలిగించండి. ఒత్తి చుట్టూ గొయ్యి పడుతుంటే మొదటిసారి వెలిగించినప్పుడు పైభాగమంతా కరగకముందే ఆర్పేశారని అర్థం. ఎండాకులకూ, ఎండుగడ్డికీ మంటకూ మధ్య 12 అంగుళాల దూరం ఉండాలి. బల్ల మీద అంత దూరం దొరకకపోతే బ్యాటరీ కొవ్వొత్తులే పెట్టండి.