రాత్రి ఫొటో ఎక్స్‌పోజర్ దగ్గరే రిజెక్ట్ అవుతోందా?

స్టాక్ సైట్‌కి (ఫొటోలు అమ్మిపెట్టే సైట్‌కి) పంపిన రాత్రి ఫొటో ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకి అందిన వెలుగు మోతాదు, బాలేదని తిరిగొస్తే చాలామంది ముందు లెన్స్‌ని అనుమానిస్తారు, ఆ తర్వాత కెమెరాని. హిస్టోగ్రామ్ (ఎడమవైపు నీడలు, కుడివైపు వెలుగులు ఎంతెంత ఉన్నాయో కెమెరా చూపే గ్రాఫ్) చూశారా అని అడిగితే మాత్రం "స్క్రీన్ మీద బాగానే కనిపించిందండీ" అంటారు. ఎంతమంది దగ్గర ఈ మాట విన్నానో లెక్కలేదు. దయచేసి అన్నిటికంటే ముందు అది చూడండి. ట్రైపాడ్, రా ఫైల్ (కెమెరా సవరించకుండా దాచే అసలు ఫైల్), ఐఎస్ఓ 100 (వెలుగుకి కెమెరా స్పందన తక్కువగా ఉంచే సెట్టింగ్) సంగతి మీకు తెలుసనే అనుకుంటున్నాను.

కెమెరాలో వెలుగ్గా ఉంది, కంప్యూటర్‌లో చీకటిగా ఉంది

చీకటికి అలవాటుపడిన కంటికి చిన్న స్క్రీన్ కూడా దీపంలా వెలుగుతుంది. అందుకే తక్కువ ఎక్స్‌పోజర్ ఇచ్చినా సరిపోయిందనిపిస్తుంది. ఇంటికొచ్చి ఎడిటింగ్‌లో నీడలు లేపితే నాయిస్ (ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు) పైకి తేలుతుంది, ఫొటో దానితోనే పోతుంది. స్క్రీన్ బ్రైట్‌నెస్ తగ్గించండి. గ్రాఫ్ ఎడమ గోడకి అతుక్కుని ఉంటే షట్టర్ సమయం రెట్టింపు చేసి మళ్లీ తీయండి.

దీపాలు తెల్లటి ముద్దలయ్యాయి

ఫ్రేమ్‌లో సగం నల్లటి ఆకాశమే ఉంటే కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ దాన్ని బూడిదరంగుకి తేవాలని చూస్తుంది. మాన్యువల్‌లో ఒక స్టాప్ తగ్గించండి, అంటే వెలుగుని సగానికి దించండి. అంతే.

హిస్టోగ్రామ్ బాగానే ఉంది, అయినా రిజెక్ట్ అయింది

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. హైదరాబాద్‌లో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి 2020లో తెరిచాక అక్కడికి చాలాసార్లు వెళ్లాను. ఒక సాయంత్రం బ్రిడ్జి మొత్తం నీలి ఎల్‌ఈడీ వెలుగులో ఉంది. ఎపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం) ఎఫ్ 8, షట్టర్ 8 సెకన్లు. తెల్లటి గ్రాఫ్ కుడి గోడని తాకలేదు, కాలిపోయిన చోట, అంటే వెలుగు ఎక్కువై వివరం పోయిన చోట, మెరిసే హెచ్చరికా రాలేదు. ఇంట్లో నూరు శాతం సైజులో చూస్తే కేబుళ్లు విడివిడిగా లేవు. ఒకే నీలం, మడత పడని రంగు కాగితంలా. నీళ్లలో నీడ పెయింట్ ఒలకబోసినట్టుంది. ఎడిటింగ్‌లో డార్క్ చేసి మళ్లీ పంపాను, మళ్లీ వెనక్కి వచ్చింది. పోయిన వివరం డార్క్ చేస్తే తిరిగి రాదు కదా.

ఇలా ఎందుకవుతుందంటే, ఆ తెల్లటి గ్రాఫ్ మూడు రంగులనీ కలిపి లెక్కేసిన వెలుగు. మామూలు లెక్కలో ఆకుపచ్చకి దాదాపు 59 శాతం, ఎరుపుకి 30, నీలానికి 11 శాతమే వాటా. అంటే నీలం గరిష్ఠమైన 255కి చేరి, మిగతా రెండూ సున్నా అయినా, ఆ చుక్క గ్రాఫ్‌లో 29 దగ్గర కూర్చుంటుంది. పూర్తిగా కాలిపోయిన నీలం మనకి ఎడమవైపు, నీడల్లో కనిపిస్తుందన్నమాట! కుడివైపు ఎంత చూసినా ఏం దొరుకుతుంది? పసుపు, నారింజ దీపాల కింద ఎరుపుతోనూ ఇదే గొడవ, కాకపోతే ఎరుపు వాటా ఎక్కువ కాబట్టి కాస్త ముందే బయటపడుతుంది.

మెనూలో ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ ఆన్ చేసి మూడు రంగులూ విడివిడిగా చూడండి. ఏ ఒక్కటి కుడి గోడకి గుద్దుకున్నా 8 సెకన్లని 4కి దించండి, చాలకపోతే 2కి. కెమెరా చూపే గ్రాఫ్ రా ఫైల్‌ది కాదు, జేపెగ్ ప్రివ్యూది. అందుకని పిక్చర్ స్టైల్ (జేపెగ్ రంగుల సెట్టింగ్) రంగులు పెంచే వివిడ్‌లో ఉంటే న్యూట్రల్‌కి మార్చండి, లేకపోతే గ్రాఫ్ లేనిపోని భయం పెడుతుంది. అన్నిటికంటే మేలు, సూర్యాస్తమయం అయిన ఓ 20 నిమిషాలకి, ఆకాశంలో ఇంకా నీలం ఉండగానే తీయడం. అప్పుడు దీపానికీ పరిసరాలకీ తేడా తక్కువ, షట్టర్ తగ్గించినా నీడలు చచ్చిపోవు. పూర్తిగా చీకటి పడ్డాక తీయాల్సి వస్తే ఒక్కో స్టాప్ తేడాతో మూడు ఫ్రేములు తీసి కలపండి, కానీ రంగులు మారే లైట్లయితే మూడూ ఒకే రంగు మీద పడేదాకా ఓపిక పట్టాలి.

ఎడిటింగ్‌లో పెద్ద కలర్ స్పేస్‌లో (ఎక్కువ రంగులు పట్టే పరిధిలో) బాగున్న నీలం, వెబ్‌కి వాడే చిన్న పరిధి ఎస్‌ఆర్‌జీబీకి మార్చగానే మళ్లీ గోడకి కొట్టుకోవచ్చు. పంపే ముందు సాఫ్ట్ ప్రూఫ్ (మార్చాక ఎలా ఉంటుందో ముందే చూపే ప్రివ్యూ) పెట్టి, ఆ ఒక్క రంగు శాచురేషన్ (గాఢత) తగ్గించండి.

ఎపర్చర్ బ్లేడ్లు బిగుసుకోవడం, డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్‌లోంచి వెలుగు లోపలికి దూరడం కూడా ఉంటాయి కానీ అరుదు. మొదటిదానికి రిపేర్ షాపు, రెండోదానికి ఐపీస్ మీద నల్లగుడ్డ.